పాల సొర పేరు రాసుకున్న డాక్టరు

ముందే ఒప్పేసుకుంటున్నాను. ఈ సంచికకి ఒక గొప్ప వ్యక్తి జీవితం రాయమని క్లబ్ వాళ్ళు అడిగినప్పుడు నేను అలన్ ట్యూరింగ్ గురించి మొదలుపెట్టాను. సీఎస్ఈ వాళ్ళం కదా, మాకు ఆయనే దేవుడు. సగం రాశాను కూడా. ఈలోపు మా ఇంటికి ఒక చేప వచ్చింది. దాంతో ట్యూరింగ్ పక్కకి వెళ్ళిపోయి, ఎప్పుడో 1805లో చనిపోయిన ఒక స్కాట్లండ్ డాక్టరు ముందుకొచ్చి కూర్చున్నాడు.

మాది మల్కాజ్‌గిరి. నాన్న రైల్వేలో ఉద్యోగం. అమ్మ పుట్టిల్లు విశాఖపట్నం. మొన్న శీతాకాలంలో మా అక్కకి బాబు పుట్టాడు. ఇంటికొచ్చిన కొన్ని రోజులకి అమ్మ వంటింట్లో ఒక ప్రకటన చేసింది. బాలింతకి పాలు పడాలంటే సొర పిట్టు పెట్టాల్సిందే అని. మల్కాజ్‌గిరిలో ఆదివారం చేపలకి వెళ్తే బొచ్చె, రవ్వ, కొర్రమీను దొరుకుతాయి. సముద్రం చేపంటే ఐసులో బిగుసుకుపోయిన వంజరం, చందువ. సొర ఎక్కడిది? అమ్మమ్మకి ఫోన్ వెళ్ళింది. రెండు రోజుల తర్వాత మామయ్య గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో థర్మాకోల్ పెట్టెతో సికింద్రాబాద్‌లో దిగాడు.

పెట్టెలో నాలుగు చేపలు. బూడిద రంగు వీపు, తెల్ల పొట్ట, మొనదేలిన ముక్కు. అచ్చం సినిమాల్లో చూసే షార్కు, కానీ బొమ్మ సైజు. ఫస్టియర్ ఇంజనీరింగ్ డ్రాయింగ్‌కి కొన్న ముప్పై సెంటీమీటర్ల స్కేలు ఇంట్లో ఉంది కదా, సరదాకి పెట్టి చూశాను. స్కేలు కన్నా ఒక వేలెడు ఎక్కువ, అంతే. తోక నుంచి తల వైపు చెయ్యి రాస్తే చర్మం గరుకు కాగితంలా పట్టేసుకుంది. ముందు రెక్కల మధ్యన, గొంతు కింద, చిన్న గాటు లాంటి మచ్చ ఉంది. నాలుగింటికీ అదే చోట. గాలం దెబ్బేమో అనుకున్నాను. అమ్మ వాటిని ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, చర్మం ఒలిచి, పొడిపొడిగా విదిపి, వెల్లుల్లి, మిరియాలు వేసి పిట్టు చేసింది. అక్క తినింది. నేనూ తిన్నాను. బాగుంది, అబద్ధం ఎందుకు.

రాత్రి అమ్మమ్మకి ఫోన్ చేసి ఇది ఏ సొర అని అడిగాను. పాల సొర అంది. పాలు పడతాయి కాబట్టి పాల సొరట. నాకు షార్కు అనే మాట యూకేజీ నుంచీ తెలుసు. సొర తెలుసు. కానీ సొరల్లో రకాలుంటాయనీ, వాటికి మా అమ్మమ్మ దగ్గర వేరే వేరే పేర్లుంటాయనీ పందొమ్మిదేళ్ళు వచ్చాక తెలిసింది. ఇంగ్లీష్ మీడియం మహత్యం. అలవాటు ప్రకారం నెట్లో వెతికాను. ఇంగ్లీషులో కూడా దాని పేరు మిల్క్ షార్క్! మన పాల సొరే. ఇంకాస్త తవ్వితే 1803లో లండన్‌లో అచ్చయిన ఒక పెద్ద పుస్తకం తగిలింది. విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల వర్ణన, బొమ్మలు. బొమ్మల కింద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు పేర్లు. వాటిలో పాల సొర ఉంది.

ఆ పుస్తకం రాసినాయన పేరు పాట్రిక్ రస్సెల్. పేరు వినలేదనుకుంటున్నారా? విన్నారు. రక్తపింజరని ఇంగ్లీషులో రస్సెల్స్ వైపర్ అంటారే, ఆ రస్సెల్ ఈయనే. ఒక మనిషి పేరు పాము మీద మిగిలిపోయింది, చేపల మీద చేసిన పని మాత్రం మనలో చాలామందికి తెలీదు. అందుకే ఈ వ్యాసం.

రస్సెల్ ఎడింబరోలో పుట్టాడు. ఇప్పటి క్యాలెండర్ లెక్కలో 1727 ఫిబ్రవరి. తండ్రి జాన్ రస్సెల్ న్యాయవాది. పిల్లలు చాలామంది. పాట్రిక్ ఎడింబరోలో వైద్యం చదివి, 1750లో అబర్డీన్ నుంచి ఎండీ పట్టా తీసుకున్నాడు. అప్పటికే ఆయన సవతి అన్న అలెగ్జాండర్ రస్సెల్ సిరియాలోని అలెప్పోలో ఇంగ్లీషు వర్తకుల కంపెనీకి డాక్టరుగా ఉన్నాడు. తమ్ముడు అన్న దగ్గరికి వెళ్ళాడు. 1753లో అన్న తిరిగి వెళ్ళిపోతే ఆ ఉద్యోగంలో తమ్ముడు కూర్చున్నాడు. దాదాపు పద్దెనిమిదేళ్ళు అక్కడే ఉండిపోయాడు.

1760లో అలెప్పోకి ప్లేగు వచ్చింది. మూడేళ్ళు వదల్లేదు. మనం చూసిన లాక్‌డౌన్ గుర్తు తెచ్చుకోండి, అప్పుడు టీకా లేదు, కారణమేంటో కూడా ఎవరికీ తెలీదు. రస్సెల్ ఊరు విడిచి పోలేదు. రోగుల్ని చూస్తూ, ఎవరికి ఎప్పుడు ఏం లక్షణం కనబడింది, ఎవరు బతికారు, ఎవరు పోయారు, అన్నీ రాసుకుంటూ పోయాడు. ఆ నోట్సే తర్వాత 1791లో ప్లేగు మీద ఒక పెద్ద పుస్తకం అయింది.

అలెప్పోలోనే ఇంకో పని చేశాడు. నాకు బాగా నచ్చింది అదే. అక్కడి అరబ్బు ఆడవాళ్ళు మశూచి రాకుండా పిల్లలకి ఒక పద్ధతి పాటించేవాళ్ళు. మశూచి సోకిన వాళ్ళ పుండు నుంచి కొంచెం రసి తీసి సూదితో చర్మంలో పొడిచేవాళ్ళు. ఇది ఏ డాక్టరూ నేర్పింది కాదు. ముసలమ్మలు తరతరాలుగా చేస్తున్నది. రస్సెల్ దాన్ని మూఢనమ్మకం అని కొట్టిపారెయ్యలేదు. ఎవరెవరు చేస్తారు, ఎక్కడెక్కడ చేస్తారు అని ఊళ్ళ మీద వాకబు చేశాడు. ఆ వివరాలన్నీ అన్నకి ఉత్తరంగా రాస్తే, 1768లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. జెన్నర్ టీకాకి ఇంకా ముప్పై ఏళ్ళ ముందు సంగతి ఇది. పేరు లేని మనుషుల దగ్గర అసలైన విద్య ఉండొచ్చు, అడిగి రాసుకోవాలి అనే అలవాటు ఆయనకి అలెప్పోలోనే పడి ఉంటుందని నా ఊహ.

1770ల మొదట్లో తిరిగి బ్రిటన్ వెళ్ళి లండన్‌లో వైద్యం చేసుకుంటూ ఉన్నాడు. 1777లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. ఇంక విశ్రాంతి తీసుకోవాల్సిన వయసు. కానీ 1781లో ఆయన తమ్ముడు క్లాడ్ రస్సెల్‌ని ఈస్టిండియా కంపెనీ విశాఖపట్నంలో అధికారిగా వేసింది. తమ్ముడికి తోడుగా పాట్రిక్ కూడా ఓడెక్కాడు. అప్పుడాయనకి యాభై నాలుగేళ్ళు. పెళ్ళి లేదు, పిల్లలు లేరు. మా నాన్న ఆ వయసుకి రిటైర్మెంట్ లెక్కలు వేసుకుంటున్నాడు. ఈయన కొత్త దేశంలో, కొత్త భాషలో మొదటినుంచి మొదలుపెట్టాడు.

అప్పట్లో మన తీరంలో కంపెనీకి ఒక ప్రకృతి శాస్త్రవేత్త ఉద్యోగం ఉండేది. అందులో ఉన్నవాడు యోహాన్ కోనిగ్, లిన్నేయస్ శిష్యుడు. 1785లో ఆయన కాకినాడ దగ్గర జగన్నాథపురంలో చనిపోయాడు. ఆ ఉద్యోగం రస్సెల్‌కి ఇచ్చారు. కంపెనీకి చెట్ల గురించి, మందుల గురించి, రంగుల గురించి కావాలి. వ్యాపారం వాళ్ళది. అది మర్చిపోకూడదు. ఇంకో సమస్య కూడా ఉంది, పాములు. ఏది విషప్పాము, ఏది కాదు, జనానికి ఎలా చెప్పాలి?

రస్సెల్ పాములు తెప్పించుకోవడం మొదలుపెట్టాడు. బొమ్మలు వేయించాడు, పొలుసులు లెక్కపెట్టాడు, ప్రతి పాముకీ ఇక్కడి వాళ్ళు ఏమంటారో అడిగి రాసుకున్నాడు. జెర్రిపోతు అలా ఆయన పుస్తకంలోకి ఎక్కింది. పసుపు, నలుపు పట్టీల పాముని మనవాళ్ళు బంగారు పాము అన్నారు. అదే మాట నుంచి కట్లపాముల జాతికి బంగారస్ అనే శాస్త్రీయ నామం వచ్చింది. ప్రపంచంలో ఎక్కడ బయాలజీ చదివినా ఆ పాముని తెలుగులోనే పిలవాలన్నమాట. ఇక రక్తపింజరకి ఆయన రాసుకున్న పేరు కాటుక రేకుల పొడ. ఒళ్ళంతా కాటుక రేకులు దిద్దినట్టుండే ఆ మచ్చల్ని చూసి ఎవరో పేరు తెలియని మనిషి పెట్టిన పేరు. 1797లో జార్జ్ షా అనే ఆయన దానికి రస్సెల్ పేరు తగిలించాడు. కాటుక రేకులు పోయాయి, రస్సెల్ మిగిలాడు. నాకు రస్సెల్ మీద గౌరవమే గానీ, ఈ పేరు మార్పు మాత్రం నష్టం అనిపించింది.

పాము కాటుకి అప్పట్లో తంజావూరు మాత్ర అని ఒక మందు చాలా పేరు మోసింది. అందరూ పనిచేస్తుందన్నారు కదా అని రస్సెల్ నమ్మెయ్యలేదు. కుక్కల మీద, కోళ్ళ మీద కాటు వేయించి, మందు ఇచ్చి చూశాడు. పనిచెయ్యలేదు. ఇప్పుడు చదివితే ఆ జంతువుల సంగతి గుండెల్లో కలుక్కుమంటుంది. కానీ పద్ధతి చూడండి. జనం పెట్టిన పేరు యథాతథంగా తీసుకున్నాడు, జనం చెప్పిన మందుని మాత్రం టెస్ట్ చేశాడు. మా భాషలో చెప్పాలంటే ఇన్‌పుట్ అంతా తీసుకున్నాడు, వాలిడేషన్ వదిలిపెట్టలేదు.

పాముల పని జరుగుతుండగానే చేపలు. విశాఖ తీరంలో వలలు ఒడ్డుకి చేరే వేళకి ఎన్ని రకాలు పడతాయో అక్కడి వాళ్ళకి తెలుసు. రస్సెల్ ఆ చేపల్ని తెప్పించి, ఇక్కడి చిత్రకారుడి చేత బొమ్మలు వేయించాడు. ఫ్రిజ్ లేదు, ఐసు లేదు, మన ఎండకి చేప ఎంతసేపు నిలుస్తుంది? రంగు వెలిసిపోయేలోపు బొమ్మ, కుళ్ళిపోయేలోపు కొలతలు. రెక్కలో ఎన్ని ముళ్ళు, పంటి వరస ఎలా ఉంది, అన్నీ. చివర్లో ఒక ప్రశ్న, దీన్నేమంటారు? జవాబు ఆయన చెవికి ఎలా వినబడితే అలా రాసుకున్నాడు. నల్ల చందువ, తెల్ల చందువ, వంజరం, పండుమీను. స్పెల్లింగులు వంకరగా ఉంటాయి, మెల్లగా పైకి చదివితే మన మాట బయటికొస్తుంది. నేను రాత్రి పన్నెండింటికి ఒక్కొక్కటీ గట్టిగా చదువుతుంటే బాబు లేస్తాడని అక్క తిట్టింది.

ఆ పుస్తకం మొదట్లోనే రెండు టేకు చేపలున్నాయి. పేర్లు తిమ్మిరి, నల్ల తిమ్మిరి. పట్టుకుంటే చెయ్యి తిమ్మిరెక్కేలా కరెంటు షాకు కొట్టే చేపలవి. వోల్టా బ్యాటరీ కనిపెట్టింది 1800లో. అంతకుముందే మన జాలరులు కరెంటుని చేత్తో చూసి, దానికి పేరు కూడా పెట్టేసుకున్నారు. తర్వాత సొరలు. పాల సొర. సుత్తి లాంటి తల ఉండేదానికి కొమ్ము సొర. బొక్కి సొర. సొర కోవ. ఈ చివరి పేరుని ఫ్రాన్సులో క్యువియే అనే మహా పండితుడు 1829లో అలాగే శాస్త్రీయ నామంలోకి ఎత్తుకున్నాడు. మన దేశపు చేపల పుస్తకాల్లో అది చాలాకాలం సొరకోవ అనే నడిచింది. ఎరెగూడు టెంకి అని రస్సెల్ రాసుకున్న ఒక కొమ్ముల టేకు చేపని ఇప్పటికీ శాస్త్రంలో మొబులా ఎరెగూడూ అనే అంటారు. టెంకి ఎక్కడో రాలిపోయింది, ఎరెగూడు మాత్రం 200 ఏళ్ళు దాటి నిలబడింది.

1789 మొదట్లో రస్సెల్ ఇంగ్లండ్‌కి బయల్దేరాడు. ఇండియాలో ఉన్నది ఎనిమిదేళ్ళు కూడా కాదు. మిగిలిన పదహారేళ్ళ జీవితం ఆ నోట్సుల్ని పుస్తకాలు చెయ్యడానికే సరిపోయింది. మన వెదురుప్పు మీద 1790లో ఒక పరిశోధన వ్యాసం. 1791లో ప్లేగు. అన్న రాసిన అలెప్పో పుస్తకాన్ని పెంచి 1794లో రెండో ముద్రణ. తన తర్వాత ఆ ఉద్యోగంలోకి వచ్చిన రాక్స్‌బర్గ్ మొక్కల పుస్తకానికి 1795లో ముందుమాట. 1796లో పాములు. 1803లో చేపలు. అప్పటికి ఆయనకి డెబ్బై ఆరేళ్ళు. 1805 జులై 2న లండన్‌లో చనిపోయాడు. పాముల రెండో భాగం పూర్తిగా బయటికి వచ్చేసరికి ఆయన లేడు.

ఆయనకి చేపలు తెచ్చిచ్చి పేర్లు చెప్పినవాళ్ళ పేర్లు మాత్రం చరిత్రలోకి ఎక్కలేదు. బొమ్మలేసిన చేతులదీ అదే కథ. గిట్‌లో అయితే ప్రతి కమిట్‌కీ రాసినవాడి పేరుంటుంది. ఇక్కడ వేల ఏళ్ళ కమిట్లన్నీ ఒకే యూజర్ నేమ్ మీద పడిపోయాయి. అయినా ఒక న్యాయం చెప్పాలి. ఆయన పేర్లు మార్చలేదు. లాటిన్‌లో కొత్త పేరు పెట్టేసి, ఇక్కడి పేరు మింగెయ్యొచ్చు. అలా చెయ్యలేదు కాబట్టే మా అమ్మమ్మ ఫోన్లో చెప్పిన మాట, 1803 పుస్తకంలో మాట, రెండూ మ్యాచ్ అయ్యాయి.

ఇక్కడితో జీవితచరిత్ర అయిపోవాలి. కానీ ఆ మచ్చ సంగతి చెప్పలేదు కదా.

పాల సొర గురించి చదువుతూ పోతే నాకు తెలిసింది ఇది. మామూలు చేప గుడ్లు పెడుతుంది. రవ్వ చేప అయితే ఒక్క విడతలో లక్షల గుడ్లు. లక్షలో నాలుగు బతికినా చాలు, వంశం నిలుస్తుంది. పాల సొర అలా కాదు. పిల్లల్ని కంటుంది. కడుపులో పిల్లకి తల్లి నుంచి బొడ్డుతాడు ఉంటుంది, మాయ ఉంటుంది, అచ్చం మనలాగే. మోసేది దాదాపు ఏడాది, మన కన్నా ఎక్కువే. కనేది ఎక్కువసార్లు రెండు నుంచి ఐదు, మహా అయితే ఎనిమిది. ఆ పిల్ల మళ్ళీ తల్లి కావాలంటే రెండు మూడేళ్ళు పట్టొచ్చు. పుట్టినప్పుడు పిల్ల పొడవు పాతిక నుంచి నలభై సెంటీమీటర్లు. అంటే మా ఇంట్లో స్కేలు పక్కన పడుకోబెట్టినవి పెరిగిన చేపలు కావు. పుట్టి కొన్ని రోజులో, వారాలో అయినవి. ముందు రెక్కల మధ్యన ఉన్న ఆ గాటు గాలం దెబ్బ కాదు. బొడ్డు ఊడిన మచ్చ.

పక్క గదిలో మా బాబుకి అప్పుడే బొడ్డు ఊడింది. అక్క దాన్ని చిన్న డబ్బాలో దాచింది. ఈ రెండూ ఒకే వారంలో మా ఇంట్లో ఉన్నాయి. ఇంతకన్నా దీని గురించి ఏమీ చెప్పలేను.

అప్పటినుంచి వంటింట్లో జరిగిన ఒక్కో పనికీ అర్థం తెలుస్తూ వచ్చింది. అమ్మ ఉడికించిన నీళ్ళు ఎందుకు పారబోసింది? సముద్రపు ఉప్పుకి ఒళ్ళు ఎండిపోకుండా సొర తన రక్తంలో, కండలో యూరియా దాచుకుంటుంది. చచ్చాక అది అమ్మోనియాగా మారి కంపు కొడుతుంది. ఆ నీళ్ళు వంపేస్తే కంపు పోతుంది. చర్మం గరుకు ఎందుకు? దాని పొలుసులు నిజానికి సన్నని పళ్ళ లాంటివి, అన్నీ తోక వైపు వాలి ఉంటాయి. నీళ్ళు జారిపోతాయి, చెయ్యి ఎదురు రాస్తే పట్టేస్తుంది. పొడిపొడిగా విదిపేటప్పుడు ముళ్ళు ఎందుకు తగల్లేదు? సొరకి ఎముకలు లేవు, అస్థిపంజరమంతా మన చెవి పై భాగంలో ఉండేలాంటి మృదులాస్థి. మిగతా చేపల్లా గాలితిత్తి లేదు, నూనె నిండిన పెద్ద కాలేయమే తేలడానికి సాయం చేస్తుంది. ముక్కు మీది సన్నటి రంధ్రాలతో ఎర కండరాల్లో పుట్టే కరెంటుని కూడా పసిగడుతుంది. చెట్ల కన్నా ముందు నుంచీ, 40 కోట్ల ఏళ్ళ పైగా, సముద్రంలో నడుస్తున్న డిజైన్ ఇది. పెద్దగా మార్చాల్సిన అవసరం రాలేదు.

ఆ డిజైన్‌లో ఒకే ఒక్క బలహీనత ఉంది. నెమ్మది. తక్కువ మంది పిల్లలు, ఎక్కువ కాలం మోత. పైన వేటాడేవాళ్ళు లేనంతకాలం అది బలహీనతే కాదు. వల వచ్చాక అయింది. రస్సెల్ కాలంలో వల ఒడ్డు నుంచి ఎంత దూరం వెళ్తుంది? ఇప్పుడు ట్రాలర్ అడుగుదాకా దువ్వుకుంటూ పోతుంది. సొర కోసం వెయ్యని వలలో కూడా సొర పిల్ల పడుతుంది. 2021లో అచ్చయిన ఒక పెద్ద పరిశోధన ప్రకారం, 1970తో పోలిస్తే నడిసముద్రపు సొరలు, టేకులు ప్రపంచమంతటా 71 శాతం తగ్గిపోయాయి. మొత్తం సొర, టేకు జాతుల్లో మూడో వంతు పైగా అంతరించే ప్రమాదంలో ఉన్నాయి. రస్సెల్ కొమ్ము సొర అని రాసుకున్న సుత్తి తల కుటుంబంలో కొన్ని జాతులు అత్యంత ప్రమాదం అనే ఆఖరి మెట్టు మీదున్నాయి. పాల సొర కూడా ప్రమాదంలో ఉన్నవాటి జాబితాకెక్కింది. పుదుచ్చేరి పేరు మీదున్న పాండిచ్చేరి షార్కు అయితే దశాబ్దాలుగా సరిగా కనబడనే లేదు.

సొరలు పోతే ఏమవుతుంది, మనుషుల్ని కరిచేవి తగ్గుతాయి కదా అనుకోవచ్చు. నేనూ అనుకునేవాణ్ణి. కానీ మా ఇంటికొచ్చిన నాలుగూ ఎవర్ని కరుస్తాయి? సొరల్లో ఎక్కువ జాతులు మనిషి జోలికే రావు. పై మెట్టున ఉండి కింది చేపల్ని అదుపులో ఉంచడం, నీరసంగా ఉన్నవాటిని, జబ్బు పడ్డవాటిని ఏరెయ్యడం వాటి పని. ఆ మెట్టు తీసేస్తే కింద లెక్కలన్నీ తప్పుతాయి. చివరికి ఆ తప్పు చేరేది జాలరి వలకే.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 2001 జులైలో మన ప్రభుత్వం సొరలు, టేకులు అన్నిటినీ ఒకేసారి రక్షిత జాబితాలో పెట్టేసింది. తీరంలో గగ్గోలు లేచింది. జాలరుల బతుకు ఏం కావాలి? అదే ఏడాది డిసెంబరులో జాబితాని కుదించి, వేల్ షార్కు, రంపపు మూతి చేపలు లాంటి పది జాతులే ఉంచారు. 2015లో సొర రెక్కల ఎగుమతి ఆపేశారు. 2022లో చట్టం మార్చి జాబితా మళ్ళీ పెంచారు. అదే ఏడాది జరిగిన అంతర్జాతీయ సమావేశంలో పాల సొర కుటుంబం మొత్తం మీద దేశాల మధ్య వ్యాపారానికి షరతులు పెట్టారు. ఇందులో నాకు అర్థమైంది ఒక్కటే. పేరు తెలియని చేపకి చట్టం పనిచెయ్యదు. చీకట్లో వల లాగే మనిషి ఇది ఏ సొర అని గుర్తుపట్టగలిగితేనే వదలాలో వద్దో తెలుస్తుంది. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి తీరానికి ఒక పెద్ద వేల్ షార్కు కొట్టుకొస్తే, మత్స్యకారులు, అటవీ శాఖ వాళ్ళు కలిసి మళ్ళీ సముద్రంలోకి పంపించారు. అది రక్షించాల్సిన చేప అని అక్కడున్నవాళ్ళకి తెలిసింది కాబట్టే అది బతికింది.

రస్సెల్ సొరల్ని కాపాడదామని ఆ పుస్తకం రాయలేదు. ఆ రోజుల్లో సముద్రం ఖాళీ అవుతుందని ఎవరి ఊహకీ అందలేదు. కానీ ఏమున్నాయో రాసిపెట్టి వెళ్ళాడు, ఉన్న భాషలో రాసిపెట్టాడు. ఏం పోయిందో తెలియాలంటే ముందు ఏముండేదో ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. బ్యాకప్ లేకపోతే డేటా పోయిందన్న సంగతి కూడా తెలీదు, మా ల్యాబ్‌లో అది నాకు ఒకసారి అనుభవమే.

సంక్రాంతికి విశాఖ వెళ్ళినప్పుడు ఆ పుస్తకం స్కాన్ కాపీ ఫోన్లో పెట్టుకుని వెళ్ళాను. అమ్మమ్మకి ఒక్కో బొమ్మా చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని, నేను పేరు చదవకముందే చాలావాటికి తనే పేరు చెప్పేసింది. కొన్నిటి దగ్గర ఆగి, ఇవి ఇప్పుడు రావట్లేదు అంది. కొన్నిటికి పేరు గుర్తు రాలేదు, వాళ్ళమ్మకి తెలుసునట. నేను ఒక స్ప్రెడ్‌షీట్ చేశాను. ఒక కాలమ్‌లో రస్సెల్ రాసింది, ఒక కాలమ్‌లో అమ్మమ్మ చెప్పింది, ఇంకోదాంట్లో ఎప్పుడు ఆఖరిసారి చూసింది. నాలుగో కాలమ్ కూడా పెట్టాను, ఎవరు చెప్పారు అని. దాంట్లో అమ్మమ్మ పూర్తి పేరు రాశాను.

మా వీధిలో ఇంకో ఇంట్లో బాలింత ఉంది, వాళ్ళూ విశాఖ వాళ్ళే. సొర తెప్పిస్తారా అని అమ్మని అడిగారు. పాలు పడటానికి సొరే అక్కర్లేదు, బాగా తినడం, నీళ్ళు తాగడం, పిల్లాడికి పట్టిస్తూ ఉండటం ముఖ్యమని అక్కని చూసిన డాక్టరు ముందే చెప్పారు. అమ్మ కాసేపు ఆలోచించింది. నేను చెప్పిన బొడ్డు సంగతి ఆవిడకి గుర్తుందో, లేక థర్మాకోల్ పెట్టె మళ్ళీ తెప్పించడం బద్ధకమో, నాకు తెలీదు. కొర్రమీను తెచ్చుకోండి, అది మంచిదే అని చెప్పి పంపించింది.